పాదలేపం కరిగిన చోట

మహానంది ఆలయంలోని రుద్రగుండం కోనేటిలో నీరు సుమారు ఐదడుగులు. అడుగున పడిన రూపాయి బిళ్ల బొమ్మో బొరుసో గట్టు మీంచే పోల్చుకోగలిగినంత తేట. మే నెలలో నంద్యాల 44, 45 డిగ్రీల ఎండలో వేగిపోతున్నప్పుడు ఆ నీటిలో పాదం పెడితే ఒళ్లు జలదరిస్తుంది. ధనుర్మాసంలో నల్లమల మీంచి చలిగాలి దిగే వేకువన అదే నీరు గోరువెచ్చగా తగులుతుంది. ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన అని తరతరాలుగా చెప్పుకునే ఈ మహిమ పక్కన పెట్టి చూడవలసిన దృశ్యం ఒకటి ఇక్కడికి చాలా దూరంగా, ఉత్తరాన ఉంది. కశ్మీరులోని గుల్మార్గ్‌లోనో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనో చలికాలం తెల్లవారేసరికి స్కీయింగ్‌కు వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: ఈరోజు మంచు ఎలా ఉంది? రాత్రి ఎన్ని అంగుళాలు పడింది, పొడిగా ఉందా, పైన పెచ్చు కట్టిందా, వాలు మీంచి విరిగి జారే ప్రమాదం ఉందా? మహానందిలో నీటి స్థితి ఎన్నటికీ మారదని నమ్మకం. అక్కడ మంచు స్థితి పూటపూటకూ మారుతుందని ఎరుక. కొండ ఇచ్చిన నీటిని దేవుడి గుర్తుగా కొలిచే మనకు ఈ రెంటి నడుమ ఒక ధర్మసందేహం ఉంది. ఆ గుర్తు తగ్గిపోతే, వేళకు ముందే కరిగిపోతే, అసలే రాకపోతే మనం ఏం చేయాలి? మనమే తయారుచేసి పెట్టవచ్చా? పెడితే దానికి మొక్కవచ్చా?

రాయలసీమలో మంచు కురవదు. తెలుగులో మంచు అన్న మాటే ఎన్నో పనులు చేస్తుంది: గడ్డిపరక మీది బొట్టూ మంచే, ఎదురుగా వచ్చే లారీని కనపడనివ్వని తెల్లటి పొగా మంచే, అమరనాథ్ గుహలో గడ్డకట్టిందీ మంచే. హిమం, తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం అని సంస్కృతం ఇచ్చిన పేర్లు ఎక్కువగా కావ్యాల్లోనే ఉండిపోయాయి. అయినా మంచుకొండ మనకు పరాయిది కాదు. మహానందీశ్వరుడి పక్కన కామేశ్వరిగా కొలువైన తల్లికి అది పుట్టిల్లు. గుల్మార్గ్ పాతపేరు గౌరీమార్గ్ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇక మంచు మీద నడిచిన మనిషిని తలుచుకోమంటే తెలుగు చదువుకున్నవాళ్లకు ముందు తట్టేది ప్రవరుడు. శ్రీకృష్ణదేవరాయల కొలువులో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్ర కథ అది. పెద్దన రాయలవారి చేత పొందిన అగ్రహారాల్లో ఒకటైన కోకటం కడప జిల్లాలో కమలాపురం దగ్గరే ఉంది. అంటే మంచు ఎరగని ఎర్రనేలతో అనుబంధం ఉన్న కవి, మంచు గురించి తెలుగులో మరిచిపోలేని సంఘటనను చిత్రించాడు. అరుణాస్పదపురంలో నిత్యాగ్నిహోత్రం చేసుకునే ప్రవరుడికి తీర్థాలు చూడాలని తపన. అతిథిగా వచ్చిన సిద్ధుడు కాళ్లకు ఒక లేపనం పూస్తాడు. నడవకుండా, అలవకుండా, అడవులు దాటకుండా ప్రవరుడు హిమాలయం మీద వాలతాడు. కొన్ని వింతలు చూసి తిరిగి వెళ్దామనుకునేసరికి ఎండకు కరిగిన మంచునీటిలో ఆ లేపనం కాస్తా కరిగిపోయి ఉంటుంది. తెచ్చిన మార్గాన్ని మంచే మింగేసింది.

ఈ కథ స్కీయింగ్ చేసేవాళ్లు వింటే ఉలిక్కిపడతారు. వాళ్ల స్కీ పలకల అడుగున కూడా ఒక లేపనం ఉంటుంది. దాన్ని వాక్స్ అంటారు. ఆనాటి మంచు ఎంత చల్లగా ఉందో చూసి దాన్ని ఎంచుకుంటారు. గడ్డకట్టిన పొడిమంచుకు గట్టి రకం, తడిసిన మంచుకు మెత్తటి రకం. తప్పుగా ఎంచుకుంటే పలక మంచును పట్టుకుని కదలదు. అసలు స్కీ జారడానికి తోడ్పడేది పలక రాపిడికి మంచు పైపైన కరిగి ఏర్పడే, వెంట్రుక మందం కూడా లేని నీటి పొర. అంత సన్నటి నీటి దయ మీద మనిషి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కొండ దిగుతున్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు కనుకనే ప్రతి ఉదయం మంచును అడిగి తెలుసుకుంటాడు. నిన్న బాగుంది కాబట్టి ఈరోజూ బాగుంటుందని అనుకోడు. మంచు ఎంత ప్రమాదకరం కాగలదో 2023 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పైన అఫర్వట్ వాలు చూపించింది. మంచుచరియ విరిగిపడి పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. ఆటగాడిలో ఉన్న ఈ అడిగే గుణాన్ని నేను భక్తికి దగ్గరి గుణంగా భావిస్తాను. కొండ ఏమిచ్చిందో చూసి, ఇచ్చినంతలోనే అడుగు వేయడం అది. మహానందికి వెళ్లే మనలో ఎంతమందిమి ఈ ఏడు ఊట ఎలా ఉందని అడుగుతున్నాం? అది ఉంటుందనే మన లెక్క. ఉంటుందన్న ధీమాకూ నమ్మకానికీ ఉన్న తేడా ఈ వ్యాసమంతా నన్ను వెంటాడుతున్న విషయం.

ఊట ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి. సీమలో ఊటను బుగ్గ అంటారు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున శివుడు బుగ్గ రామలింగేశ్వరుడు. కర్నూలు దగ్గర కాల్వబుగ్గ ఉంది. కడప ఊరి మధ్యనుంచి పారేది బుగ్గవంక. నీళ్లు కరువైన నేలలో నీళ్లు తమంత తామే పొంగిన ప్రతిచోటా జనం ఒక లింగాన్ని చూశారు. ఇది మూఢత్వం కాదు, కృతజ్ఞత. వంకలో చెలమ తోడుకుని కడవ నింపుకున్న నేలకు అడగకుండా వచ్చిన నీటి విలువ తెలుసు. మహానంది నల్లమల పడమటి పాదాన ఉంది. పైన కొండలు క్వార్ట్జైటు అనే గట్టి రాయి. రాయి నీటిని పీల్చదు గానీ పగుళ్ల నిండా నీటిని దింపుకుంటుంది. అడవి నేల, ఆకుల దుప్పటి, వేళ్లు వానను పట్టి ఆపితే అది మెల్లగా ఆ పగుళ్లలోకి దిగుతుంది. కొండకూ మైదానానికీ మధ్య నేలలో పెద్ద పగులు రేఖ ఉంది. పైనుంచి దిగిన నీరు దాని వెంట దారి వెతుక్కుని పాదాన పైకి వస్తుంది. ఎండా చలీ తాకనంత లోతున చాలాకాలం ఉండి వస్తుంది కనుక దాని వెచ్చదనం ఏడాది పొడుగునా ఇంచుమించు ఒక్కతీరే. వేసవిలో చల్లబడేదీ చలికాలంలో వేడెక్కేదీ నీరు కాదు. దాని పక్కన గాలి, మన ఒళ్లు మారుతున్నాయి. ఈ వివరణతో మహిమ తగ్గిపోతుందని భయపడేవాళ్లున్నారు. నాకు మాత్రం పెరిగినట్టే అనిపిస్తుంది. ఎప్పుడో, ఎవరి కాలంలోనో నల్లమల మీద కురిసిన వాన ఈ పూట మన దోసిట్లోకి వస్తున్నది. కొండ దాన్ని అన్నాళ్లూ దాచి, తొందరపడకుండా, కొలిచినట్టు ఇస్తున్నది.

ఇప్పుడు అమరనాథ్ చూడండి. సముద్రమట్టానికి సుమారు 3,900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గుహలో జరిగేదీ ఇదే. పైకప్పు రాయి పగుళ్లలోంచి నీరు బొట్టు బొట్టుగా జారుతుంది. గుహ చలికి నేలమీద పడ్డ బొట్టు గడ్డకట్టి, దానిమీద ఇంకో బొట్టు, ఇంకో బొట్టు పేరుకుని లింగం లేస్తుంది. మహానందిలో లింగం కిందినుంచి ఊట పుడుతుందని మనవాళ్ల విశ్వాసం. అమరనాథ్‌లో ఊటే లింగమవుతుంది. రాతి పగుళ్లు, ఓపికగా దిగే నీరు, ఎవరి చెయ్యీ పడకపోవడం రెండుచోట్లా సమానం. తేడా గుహలోని చలి ఒక్కటే. ఆ తేడా వల్లనే మహానంది నీరు మనకు మారని దానిలా, అమరనాథ్ లింగం కరిగిపోయే దానిలా కనిపిస్తాయి. రెండింటినీ కొండ మీద ఈ ఏడు, పోయిన ఏడు, పోయిన తరం ఏం కురిసిందన్నదే నిర్ణయిస్తుంది. లింగం ఒక ఋతువు లెక్క చెబుతుంది. కోనేరు చాలా ఋతువుల లెక్కను కలిపి, సగటు చేసి చెబుతుంది. అందుకే కోనేరు కబురు ఆలస్యంగా వస్తుంది. మంచు తగ్గితే ఆ చలికాలంలోనే తెలుస్తుంది. ఊట తగ్గేసరికి దానికి కారణమైన పని ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. మారదన్న ధీమా ప్రమాదకరమని నేననడానికి కారణం ఇదే.

మంచు కబురు ఈ మధ్య బాగాలేదు. హిమాలయానికి చలికాలపు మంచు తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపునుంచి పడమటి గాలులతో వచ్చే మబ్బులు. అవి బలహీనపడినా, దారి మార్చుకున్నా, వేడి పెరిగి మంచుకు బదులు వాన పడినా వాలు బోడిగా మిగులుతుంది. 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానాలు గోధుమరంగు గడ్డితో కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. 2024లో అమరనాథ్ యాత్ర జూన్ 29న మొదలైతే వారం తిరిగేసరికి లింగం కరిగిపోయింది. యాత్ర మాత్రం ఆగస్టు 19 దాకా సాగింది. మన ప్రాంతాల నుంచి కూడా యాత్రికులు కొండలు ఎక్కి, గుహ చేరి, లింగం ఉండవలసిన చోట తడి రాతికి మొక్కి వచ్చారు. వాళ్ల మొక్కు వృథా పోయిందని నేననుకోను. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మంచు చాలనప్పుడు స్కీ కేంద్రాలు మంచు చేసుకుంటాయి. చలి గడ్డకట్టే స్థాయికి దిగి, గాలి పొడిగా ఉన్న రాత్రి, యంత్రాలు నీటిని సన్నటి తుంపరగా గాలిలోకి చిమ్ముతాయి; తుంపర కింద పడేలోగా గడ్డకడుతుంది. ఒక హెక్టారు వాలును అడుగు మందం కప్పాలంటే ఇంచుమించు పది లక్షల లీటర్ల నీరు కావాలి. ఔలీలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఇలాంటి యంత్రాలు బిగించారు. వాటికి నీరివ్వడానికి పైన చెరువు తవ్వారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ స్కీ పోటీలు దాదాపు పూర్తిగా చేసిన మంచు మీదే జరిగాయి. ఆటకు ఇది తప్పని నేననను. ఆటలో గెలుపోటములు వాలును బట్టి, నైపుణ్యాన్ని బట్టి ఉంటాయి. మంచు ఎక్కడిదన్నది పోటీకి అనవసరం. పైగా ఆ మంచు మీద స్కీ నేర్పేవాళ్ల, గుర్రాలు తోలేవాళ్ల, టీ కాచేవాళ్ల బతుకులు ఆధారపడి ఉన్నాయి. అయితే ఇదే పని దేవుడి దగ్గర చేస్తే? ఇది ఊహ కాదు. 2006లో అమరనాథ్ లింగం సరిగా ఏర్పడలేదనీ, తెచ్చిన మంచుతో దాన్ని మలిచారనీ పెద్ద దుమారం రేగింది. విచారణ జరిపించవలసి వచ్చింది. నిజానిజాలు ఏమైనా కావచ్చు. నన్ను ఆలోచింపజేసేది ఆనాడు భక్తుల మనసు ఎందుకు అంతగా నొచ్చుకుందన్నది. మంచు మంచే కదా. రూపం రూపమే కదా. చల్లదనంలో తేడా లేదు. మరి ఏం పోయిందని?

పోయినదాన్ని మనవాళ్లు ఏనాడో ఒక మాటలో చెప్పారు: స్వయంభువు. తనంత తాను అయినది. మన చేతులతో, మన డబ్బుతో, మన అవసరం కొద్దీ వచ్చింది కాదు. మహానంది స్థలపురాణంలో పుట్ట మీద పాలు కురిసిన ఆవు కథ ఉంది. దాని గిట్ట పడి నొక్కుకున్న లింగం అది, అందుకే గుండ్రంగా లేచి ఉండదు, పైన అణిగి ఉంటుంది. చక్కగా చెక్కిన లింగాన్ని కాక, ఆవు తొక్కిన గుర్తున్న రాతిని గర్భగుడిలో ఉంచి పైన చాళుక్యుల కాలం శిఖరం కట్టారంటే, వాళ్లు దేనికి విలువ ఇచ్చారో తెలుస్తుంది. అందానికి కాదు, నిండుదనానికీ కాదు. మనం చేయనిది మన మధ్యకు వచ్చిందన్న ఎరుకకు. నా వాదమంతా ఇంతే: క్షేత్రంలోని గుర్తు పవిత్రమయ్యేది అది ఎప్పటికీ ఉంటుంది కాబట్టి కాదు, అది ఇవ్వబడింది కాబట్టి. ఇవ్వబడినదాన్ని ఎవరూ తయారుచేయలేరు; ఇచ్చే చేతిని కాపాడుకోగలరు, లేదా నరికేయగలరు. కనుక మంచు తగ్గినా నీరు తగ్గినా భక్తుడి బాధ్యత గుర్తును నిలబెట్టడం కాదు, గుర్తు పుట్టే కొండను నిలబెట్టడం.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం బలమైనదే. మనం చేసిన దేవుళ్లకు మనం మొక్కడం లేదా? చవితికి మట్టి తెచ్చి వినాయకుణ్ణి చేస్తాం, ఆవాహన చేస్తాం, తొమ్మిది రోజులు కొలిచి నీళ్లలో కలుపుతాం. శిల్పి ఉలి దెబ్బలు తిన్న రాతికి ప్రాణప్రతిష్ఠ చేస్తాం. మరి యంత్రం చేసిన మంచులింగం, మోటారుతో నింపిన కోనేరు ఏం పాపం చేశాయి? దీనికి జవాబు ఆగమాల్లోనే ఉంది. స్వయంవ్యక్తం, దేవతలు నిలిపినది, ఋషులు నిలిపినది, మనుషులు నిలిపినది అని అవి విడివిడిగా లెక్కపెట్టాయి. మనిషి నిలిపిన దాన్ని చిన్నచూపు చూడలేదు, కానీ దేన్నీ దేనితోనూ కలిపేయలేదు. మట్టి వినాయకుడి దగ్గర మనం ఏమీ దాచడం లేదు. ఈ మట్టి నేను తెచ్చాను, నువ్వు వచ్చి కూర్చో అని పిలుస్తున్నాం, పని అయ్యాక సెలవిచ్చి పంపుతున్నాం. అక్కడ మనిషి పాత్ర పూజలో భాగం. స్వయంభువు దగ్గర మన పాత్ర లేకపోవడమే పూజకు మూలం. అక్కడ రహస్యంగా చెయ్యి పెట్టి, పెట్టలేదని చెబితే భక్తుడు మంచుకు మొక్కుతున్నాననుకుంటూ మనిషి భయానికి మొక్కుతాడు. రేపొకనాడు ఏ క్షేత్రంలోనైనా ఊట చాలక బోరు నీటితో కోనేరు నింపవలసి వస్తే నింపండి, స్నానాలు చేయనివ్వండి, కానీ ఇది బోరు నీరని బోర్డు రాసి పెట్టండి. ఆ బోర్డు చదివిన భక్తుడు తల తిప్పి కొండవైపు చూస్తాడు. చూడాలి కూడా.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. అది మన సీమ గొంతుతోనే వినిపిస్తుంది. రాళ్ల చుట్టూ, తీర్థాల చుట్టూ తిరిగి ఏం లాభం, మనసు కుదిరితే ఉన్నచోటే అంతా ఉంది కదా అని వేమన ఈ నేల మీదే గట్టిగా అడిగాడు. భావమే ప్రధానమైతే లింగం ఉన్నా లేకున్నా, నీరు పొంగినా పొంగకున్నా ఏమిటి? కరిగిపోయిన లింగం చోట తడి రాతికి మొక్కినవాళ్ల మొక్కు వృథా కాదని నేనే అన్నాను కదా. నిజమే. దేవుడికి మంచు అక్కర్లేదు. కానీ భావం గాలిలో పుట్టదు. ఎండిన పొలం మీద నిలబడి ఆకాశం వైపు చూసినవాడికీ, కుళాయి తిప్పితే నీరొచ్చే ఇంట్లో కూర్చున్నవాడికీ వాన గురించిన భావం ఒకటి కాదు. తడి రాతి ముందు మొక్కినవాడి భావంలో ఒక కొత్త సంగతి చేరింది: ఇది వేళకు ముందే వెళ్లిపోయింది, ఎందుకు? ఆ ప్రశ్న అతని భక్తిలో భాగం కావాలి. అది లేకుండా భావమే చాలు అనడం వేమన చెప్పిన మాట కాదు, మన బద్ధకానికి ఆయన పేరు అడ్డం పెట్టడం. గుడి చుట్టూ తిరిగి బయట అన్యాయం చేసేవాణ్ణి వేమన వదల్లేదు. కోనేటిలో మునిగి కొండను కొట్టేవాణ్ణి వదులుతాడా?

ఇంకొందరు తత్త్వం తెలిసినవాళ్లు ఇలా అంటారు: కరగడం, పోవడం ప్రకృతి గుణం. లింగం చంద్రకళలతో పెరిగి తరుగుతుందనే కదా సంప్రదాయం. నిత్యమైనది వేరే ఉంది. అనిత్యమైన మంచు గురించి ఇంత బెంగ ఎందుకు? ఇక్కడ మన దర్శనాలు చేసిన ఒక సూక్ష్మమైన భేదం సాయపడుతుంది. నిత్యత రెండు రకాలన్నారు. ఏమాత్రం మారకుండా ఉండేది కూటస్థ నిత్యం. వస్తువు మారుతున్నా వరస తెగకుండా సాగేది ప్రవాహ నిత్యం. దీపం వెలుగు ప్రతి క్షణం కొత్తది. నూనె ఉన్నంతసేపు దీపం ఒకటే అంటాం. రుద్రగుండం నీరు రోజూ కొత్తది, బుగ్గ ఒకటే. అమరనాథ్ లింగం ఏటా కరిగి ఏటా కొత్తగా లేస్తుంది. కరగడం దాని ప్రవాహంలో ఒక భాగం. లింగం శ్రావణంలో కరిగితే శాస్త్రం తప్పలేదు. ఏ చలికాలంలోనో అది లేవకపోతే ప్రవాహం తెగుతుంది. దీపం ఆరిపోవడం వేరు, మనిషి నూనె ఒలకబోయడం వేరు. అన్నీ అనిత్యమేనని రెండో దాన్ని సమర్థించుకోవడం వేదాంతం కాదు. వైరాగ్యం మనకు చెందినదాన్ని వదులుకోమంటుంది. కొండ మన ఒక్కరిదే కాదు, మన పిల్లలదీ వన్యమృగాలదీ కూడా. దాన్ని పాడుచేసి నిర్లిప్తంగా ఉండడానికి వైరాగ్యం చీటీ రాసివ్వదు.

ఔలీ కింద ఏం జరిగిందో తలుచుకుంటే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. స్కీ వాలుకు దిగువన ఉన్న ఊరు జోషీమఠ్. శంకరాచార్యుల పేరున ఉన్న నాలుగు పీఠాల్లో ఉత్తరాది పీఠం జ్యోతిర్మఠం అక్కడే ఉంది. ఆ ఊరు గట్టి రాతి మీద కాదు, పాత కొండచరియ శిథిలాల మీద లేచింది. అక్కడ తవ్వకాలు, బరువైన కట్టడాలు తగవని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. కట్టడాలు ఆగలేదు. 2023 జనవరిలో ఇళ్ల గోడలు బీటలు బారాయి, నేలలోంచి బురదనీరు ఎగజిమ్మింది, జనాన్ని ఖాళీ చేయించారు, ఊరి నుంచి ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే నిలిచిపోయింది. ఆటకూ మఠానికీ కాళ్ల కింద ఉన్నది ఒకే వాలు. యాత్రికుడికీ స్కీయర్‌కూ వేర్వేరు కొండలు లేవు. సౌకర్యం పెరగాలి, ఎక్కువమంది రావాలి, తొందరగా చేరాలి అన్న కోరిక ఇద్దరి కోసమూ ఒకేలా పనిచేసింది. అది ప్రవరుడి పాదలేపం కోరికే. తీర్థం కావాలి, దారి మాత్రం వద్దు. హెలికాప్టర్లు, రోప్‌వేలు, గుడి గుమ్మం దాకా నాలుగు వరసల రోడ్లు మన కాలపు లేపనాలు. ముసలివాళ్లకు, నడవలేనివాళ్లకు అవి వరాలే, కాదనను. కానీ వాటి ఖర్చు ఎక్కడ పడుతున్నదో మంచు చెబుతున్నది.

నల్లమలకు తిరిగి వద్దాం. శిలాద మహర్షికి నంది, పర్వతుడు అని ఇద్దరు కొడుకులనీ, తపస్సు ఫలించి పర్వతుడు శ్రీశైలంగా, శివుణ్ణి మోసే కొండగా మారాడనీ, నంది పేరున ఈ నవనందుల సీమ వెలసిందనీ పురాణగాథ. ఎంత సాహసమైన ఊహ! భక్తుడు వరం అడిగితే స్వర్గం కోరలేదు, కొండ కావాలని కోరాడు. అంటే ఈ ప్రాంతపు కథలో కొండ దేవుడికి పీఠం మాత్రమే కాదు, కొండే భక్తుడు. ప్రథమనంది నుంచి మహానంది దాకా తొమ్మిది నందులనూ సూర్యోదయ సూర్యాస్తమయాల మధ్య చుట్టివచ్చే ఆచారం ఇప్పటికీ ఉంది. ఆ దారి పొడుగునా నందులు కనిపిస్తున్నంత వరకూ నల్లమల కూడా కంటిముందే ఉంటుంది. ఆ కొండ మీద ఆకుల దుప్పటి కాలిపోతే, చెట్లు పోయి వాన నిలవకుండా ఒక్క ఉదుటున వంకల్లోకి దూకితే, దిగువన బోర్లు పోటీపడి లోతుకు వెళ్తే, ఊట ఆగేది ఆ రోజు కాదు, ఆ ఏడు కాదు. మన మనవల కాలంలో ఏ కార్తీక సోమవారమో నీరు ఒక మెట్టు కిందికి దిగి ఉంటుంది. అప్పుడు బోర్డు ఏమని రాయాలో వాళ్లు తేల్చుకోవలసి వస్తుంది. ఎండాకాలం నల్లమలలో మంట కనిపిస్తే అటవీశాఖకు ఫోను చేయడం, అడవిలో వండుకుని నిప్పు ఆర్పకుండా వచ్చేయకపోవడం, ప్లాస్టిక్ సీసాలు వంకల్లో విసరకపోవడం అర్చనలో భాగమని అర్చకస్వాములు సంకల్పంలో ఒక్క మాట చేర్చితే వినేవాళ్లు లక్షల్లో ఉన్నారు.

మంచులో చిక్కుకున్న ప్రవరుడు ఏం చేశాడో మనం తరచూ మరిచిపోతాం, అక్కడ ఎదురై అతన్ని మోహించిన వరూధినే గుర్తుంటుంది. అతను ఇంకో లేపనం కోసం వెతకలేదు.  ఇంట్లో రోజూ తాను తప్పకుండా నెయ్యి పోసిన అగ్నిని ప్రార్థించాడు. ఆ అగ్ని వచ్చి ఇల్లు చేర్చింది. మెరుపులాంటి సాధనం మోసం చేసిన చోట రోజూ చేసిన చిన్న పని ఆదుకుందని పెద్దన చూపించాడు.

మహానంది కోనేరు నీరు అక్కడే ఆగిపోదు. గుండాల్లోంచి తూముల గుండా బయటికి వచ్చి, బయటి కోనేళ్లలో స్నానాలు చేసేవాళ్లను తాకి, కాలవలై రెండు వేల ఎకరాలకు పైగా అరటితోటలకూ వరిమళ్లకూ పారుతుంది. మహానంది అరటి అంటే సీమలో అందరికీ తెలిసిన రుచి. గుళ్లో అభిషేకం చూసిన నీరే తోటలో గెల బరువు మోస్తున్నది. ఆ తోటల రైతుకు స్కీయర్ అడిగే ప్రశ్న ఎవరూ నేర్పనక్కర్లేదు. తెల్లవారి మడవ మార్చడానికి పార భుజాన వేసుకుని వచ్చి, పని మొదలుపెట్టే ముందు కాలవలోకి ఒకసారి తొంగిచూస్తాడు, నీరు నిన్నటి చారదాకా ఉందా, ఒక వేలు తగ్గిందా అని.